చివరి రంగు దాకా గీకిన గవర్రాజు

గవర్రాజు, భార్య నూకాలమ్మ, తమ్ముడు పోలయ్య. చెప్పిన మాట చెప్పినట్టు చేసే తెలివి వీధి మొత్తంలో తమ ముగ్గురికే ఉందని వాళ్ళకి మహా గర్వం.

వాళ్ళ ప్రాణమంతా ఏడాదిన్నర మనవరాలు బంగారి మీదే. ఆ పిల్లకి కిటికీ పట్టుకుని పాత రంగు పెచ్చులు కొరకడం సరదా. ఆస్పత్రిలో డాక్టరమ్మ అది విని గాభరా పడింది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అది పసిపిల్లల మెదడుని పాడుచేస్తుందంది. పిల్ల రక్తం పరీక్షకి తీసుకుంది. కిటికీ దగ్గరా గోడ దగ్గరా గోరంత చోటు తడిపి, లోపల ఎన్ని రంగులుంటే అన్నీ వచ్చేలా గీకి, విడివిడి కవర్లలో వేసి, ఎక్కడివో పైన రాసి తెమ్మంది. పిల్లని మాత్రం దగ్గరికి రానివ్వొద్దంది. ఏ ఒక్కటి తప్పినా బంగారి ఏమైపోతుందోనని గవర్రాజు ప్రతి మాటా రెండేసి సార్లు అప్పజెప్పుకున్నాడు.

బంగారిని పక్కింటి సత్తెమ్మకి అప్పగించి పని మొదలెట్టారు. తడపమన్నారు కదా అని పోలయ్య మూడు బిందెలు గుమ్మరించాడు. పరుపూ బియ్యం బస్తా ముద్దయ్యాయి. గోరంత అంటే ఎవరి గోరని నూకాలమ్మ గంటసేపు తగువాడి, చివరికి తన గోరే ఖాయం చేసింది.

కిటికీ పని చప్పున అయిపోయింది. గోడ మాత్రం తెమల్లేదు. పచ్చ పోతే పసుపు, పసుపు పోతే సున్నం, సున్నం పోతే ఇటుక. ఇటుకది ఎరుపు రంగే కదా అన్నాడు పోలయ్య. అంతే, గునపం దిగింది. ఇటుక పోయాక నీలం తగిలింది. ఇంకేముంది, అదీ గీకేశారు. నీలం అవతల సత్తెమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది, చంకలో బంగారి.

"ఇది మా వంటిల్లు అన్నయ్యగారూ," అంది సత్తెమ్మ.

"తెలుసు చెల్లెమ్మా. నీ వెనకాల ఇంకేమైనా రంగులున్నాయా?" అన్నాడు గవర్రాజు.

తర్వాతి వారం డాక్టరమ్మ ఫలితాలు చెప్పింది. కిటికీ రంగులో సీసం ఉంది, పిల్ల రక్తంలో మాత్రం లేదు. గవర్రాజుకి ఆనందంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. కిటికీ మార్చేయమని చెప్పి, రంగు వేసినదేదైనా పిల్ల ఇంకా నోట్లో పెట్టుకుంటుంటే అదీ అలాగే గీకి తెమ్మందావిడ.

గవర్రాజు దారి పొడుగునా ఆలోచించాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ బల్ల మీద కవరు పెట్టాడు. దాని మీద 'ముందు గది, తాతయ్య, ఎడమ మీసం' అని రాసి ఉంది. డాక్టరమ్మ తలెత్తి చూసింది. కుడి మీసం ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది.

"బాగా అడుగుదాకా గీకానమ్మా," అన్నాడు గవర్రాజు. "నలుపు కింద తెల్లరంగు కూడా వచ్చింది, చూడండి."