కంకణగిరిలో పొగడ్తల కరువు

ఒకానొక రాజ్యంలో వానలు సరిగ్గానే పడ్డాయి, పంటలూ బాగానే పండాయి గానీ, పొగడ్తలకు కరువొచ్చి పడింది. ఎలా వచ్చిందో చెబుతాను. చెప్పడానికే నాకు ఆయాసంగా ఉంది, ఇక పడ్డవాళ్ల సంగతి ఏం చెప్పమంటారు!

ఆ రాజ్యం పేరు కంకణగిరి. రాజు చిత్రభాను భూపతి. ఆయన ఓడెక్కి దేశాలు తిరిగి, కాలిఫోర్నియా దాకా వెళ్లి, అక్కడి ద్రాక్షతోటల దొరల విందులో వైను రుచి చూశాడు. "ఎలా ఉంది?" అని దొరలు అడిగారు. "బాగుంది" అన్నాడు మన రాజు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇందులో ఫలానా పండుంది, ఫలానా పువ్వుంది, పాత తోలు వాసనుంది అని ఏకరువు పెట్టారు. ఆ నవ్వు రాజుగారి మనసులో ముల్లులా దిగబడిపోయింది.

తిరిగొస్తూ పెట్టెలకు పెట్టెలు వైను తెచ్చుకున్నాడు. కొన్నింటిలో ఎర్ర వైను, కొన్నింటిలో తెల్ల వైను. తెల్లదంటే తెల్లగా ఉంటుందనుకునేరు, పల్చటి బెల్లం పానకం రంగు. ఆ పేరెందుకొచ్చిందో పెట్టినవాళ్లనే అడగాలి.

ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం, భోజనాలై కళ్లు మూతలు పడే వేళకు సభ. ఎర్రదొక గుక్క, తెల్లదొక గుక్క. ప్రతివాడూ గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, అందులో ఏముందో చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు. ఉత్తినే "బాగుంది" అని ఊరుకున్నవాడు ఆ పూటే కొలువు వదిలి బండెక్కాలి. ఇదీ శాసనం.

మొదట్లో ఉత్సాహంగానే సాగింది. "ఎర్రదాంట్లో నేరేడుపండు ఉంది ప్రభూ, అడుగున లవంగం తగులుతోంది" అన్నాడు దివాను. "తెల్లదాంట్లో నిమ్మతొక్క, తొలకరికి తడిసిన గులకరాయి" అన్నాడు కోశాధికారి. సేనాపతి "కొత్త జీను" అనేసరికి రాజు పొంగిపోయి, "ఆహా, అచ్చం కాలిఫోర్నియా మాట!" అని శాలువా కప్పాడు.

కానీ లోకంలో పళ్లెన్ని, పూలెన్ని? శ్రావణం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి పనస, సీతాఫలం, మొగలిరేకు, కాల్చిన వంకాయ దాకా అన్నీ అయిపోయాయి. సేనాపతి కత్తి ఇంట్లో పడేసి, పొద్దున్నే పచారీ కొట్లో డబ్బాల మూతలు తీసి వాసన చూసుకుంటున్నాడు. దివానుకు నిద్రలోనూ పళ్ల పేర్ల పలవరింతలే. రాజ్యం పనులు ఎవరు చూశారో ఆ దేవుడికే తెలియాలి.

ఒకనాడు భట్రాజు పెద్దిరాజు వంతు వచ్చింది. పాపం, పండు ముసలి. ఈ రాజునూ, ఈయన తండ్రినీ, తాతనూ పొగిడి పొగిడి అరిగిపోయిన గొంతు అది. ఎర్ర వైను ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు. చివరికి గ్లాసు దించేసి, "బాగుంది ప్రభూ" అన్నాడు.

రాజు తన గ్లాసు ఠప్పున కింద పెట్టాడు.

"దారిన పోయేవాడూ అంటాడు ఆ మాట! భట్రాజువై ఉండి నువ్వనేదీ అదేనా? బండి కట్టించండి. కొలువుతో పాటు కొలువిచ్చిన ఇల్లూ ఖాళీ చెయ్యాలి" అన్నాడు రాజు.

"ప్రభూ, మా ఇంటిది మంచాన పడి ఉంది. ఈ వయసులో దాన్ని తీసుకుని ఎక్కడికి పోను?"

"శాసనం శాసనమే. అది నాకైనా ఒకటే, నీకైనా ఒకటే."

ఆ మాట పట్టుకున్నాడు అచ్చన్న. అచ్చన్న ఆ కొలువులో హాస్యగాడు. జనాన్ని నవ్వించి నవ్వించి, తను నవ్వడం ఎప్పుడో మానేసిన మనిషి. మోకాళ్లు పట్టుకుని లేచి, రాజుగారి వంటశాలకు వెళ్లి, పళ్లెంలో ఏదో పెట్టి, దాని మీద గిన్నె బోర్లించి తెచ్చాడు.

"ప్రభూ, ఇన్నాళ్లుగా మేమెవ్వరం చెప్పనిది ఒకటి ఆ వైనులో ఉంది. ఈ గిన్నె కింద ఉన్నదీ అదే. తమరు రుచి చూసి దాని పేరు చెబితే, నేనూ పెద్దిరాజు గారితో పాటే బండెక్కుతాను."

"చెప్పలేకపోతే?"

"ఏముంది ప్రభూ, గిన్నె కిందది తమరు తినాలి. అంతే."

ఇంత చవక పందెమా అని రాజు నవ్వాడు. "కాలిఫోర్నియాలో పదునుపెట్టుకొచ్చిన నాలుక ఇది! ఎర్రదాంట్లోనా, తెల్లదాంట్లోనా?"

"రెంటిలోనూ ప్రభూ."

రాజు గ్లాసు తిప్పాడు. "అత్తిపండు."

"కాదు ప్రభూ."

"వాము?"

"అది సేనాపతి గారు ఎప్పుడో చెప్పేశారు."

"కొత్త గోనెసంచి?"

"దివాను గారిది ప్రభూ."

ఎండు ఖర్జూరం అన్నాడు, గంధపుచెక్క అన్నాడు, తడిసిన గొడుగు అన్నాడు. ఎండ వాలింది. నుదుట చెమట పట్టింది, నాలుక పిడచకట్టుకుపోయింది. తన సభ రోజూ పడుతున్న పాట్లు రాజుకు మొదటిసారి తెలిసొచ్చాయి. "చాలు, ఇక నా వల్ల కాదు. ఎత్తు గిన్నె!" అన్నాడు.

అచ్చన్న గిన్నె ఎత్తాడు. పళ్లెంలో ద్రాక్షగుత్తి.

దివాను నెత్తి కొట్టుకున్నాడు. "లోకంలో పళ్లన్నీ చెప్పాం ప్రభూ" అన్నాడు అచ్చన్న. "అసలు దేంతో చేశారో అది మాత్రం ఒక్కడికీ తట్టలేదు. తట్టే ఓపిక ఎవరికుంది?"

రాజు ఒక పండు తెంపి నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. ఎండిన గొంతులోకి చల్లటి రసం దిగింది. హమ్మయ్య అని వెనక్కి వాలి, "బాగుంది" అన్నాడు.

అచ్చన్న చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, బండి వాకిట్లోనే ఉంది. పెద్దిరాజు గారు బక్కమనిషి, ఇద్దరికీ చోటు సరిపోతుంది. శాసనం తమరికైనా ఒకటే అన్నారు కదా!"

మూడో పండు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. సభ మొత్తం పాలిపోయింది. అంతలో రాజుగారి పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, కళ్ల వెంట నీళ్లొచ్చేలా పగలబడి నవ్వాడు.

"ఒరేయ్ అచ్చన్నా, నన్నే బండెక్కిస్తావుట్రా! శాసనం రద్దు. పెద్దిరాజు ఇల్లు పెద్దిరాజుదే, ఎవరూ కదిలించరు. నీకేం కావాలో కోరుకో."

"మధ్యాహ్నం పూట నిద్ర ప్రభూ. సభలో అందరికీ."

"ఇచ్చాం" అని రాజు తన మెడలోని హారం తీసి అచ్చన్న మెడలో వేశాడు. తర్వాత పళ్లెం పట్టుకుని తనే లేచి పెద్దిరాజు దగ్గరకు వెళ్లాడు. ముసలాయన ఒక పండు తీసి తిన్నాడు.

"ఎలా ఉంది పెద్దిరాజూ?"

అలవాటు కొద్దీ సభంతా ఊపిరి బిగబట్టింది.

"బాగుంది ప్రభూ" అన్నాడు పెద్దిరాజు, భయం భయంగా.

"ఆ రోజు దొరల విందులో నాకూ అలాగే అనిపించింది" అన్నాడు రాజు మెల్లగా. అందరూ ఇళ్లకు పోయి పడుకున్నారు.