ఏడో వరుస

నాంచారమ్మకు ముప్ఫై ఏళ్ళు. గురువారం గురువారం సంతకు వెళ్ళేటప్పుడు కూతురి వేలు పట్టుకునే వెళ్ళేది. రాజులు ఓడలెక్కి మిరియాలు అమ్ముకునే రోజుల్లో, దోనెపూడి అనే రేవుపట్నంలో జరిగిన కథ ఇది.

ఆ పట్నంలో రాత మగవాళ్ళది, మోత ఆడవాళ్ళది. మొగుడు సరుకుల చీటీ రాసి మడిచి ఇచ్చేవాడు. పెళ్ళాం దాన్ని సంతలో అంగడి వీరేశానికి అందించేది. అతను ఒక్కో వరుసా పైకి చదువుతూ తూచి, పొట్లం కట్టేవాడు. ఆడవాళ్ళు ఏదైనా అడిగితే మాత్రం చెవిటివాడిలా కూర్చునేవాడు.

ఆడదాని కంటికి అక్షరం ఆనదని అక్కడి నమ్మకం. తన కళ్ళ గురించి నాంచారమ్మ కూడా నమ్మేసింది. ఐదేళ్ళ కూతురు వకుళ కళ్ళ గురించి మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

ఆడపిల్లలకు అక్కడ బడి లేదు. మగపిల్లల బడి గోడ పక్కకు రాగానే తల్లి అడుగులు వాటంతటవే నెమ్మదించేవి.

"కాళ్ళు నొప్పా అమ్మా?"

"కాళ్ళు కాదే. చెవులకి ఆకలి."

అందుకే ఆమె సంతనే బడి చేసింది.

మొదట వాసనలు. "కళ్ళు మూసుకో. ఇదేంటి?"

"జీలకర్ర... కాదు కాదు, సోంపు!"

తరవాత బరువులు. రెండు చేతుల్లో రెండు పొట్లాలు పెట్టి, "ఏది బరువు?" అనేది.

"బెల్లం. మరమరాల పొట్లం పెద్దదే గానీ ఉత్త గాలి."

"గుర్తుంచుకో. రేపు మగవాళ్ళని చూసినప్పుడు పనికొస్తుంది."

మూడోది చీటీ. వకుళ బియ్యం బస్తా ఎక్కి వీరేశం చేతిలోకి తొంగిచూసేది. అతను ఏ వరుస చదివాక కందిపప్పు పోశాడో, ఆ గీతలు కందిపప్పువి. అలా పోల్చుకుంటూ పోయింది.

ఒక గురువారం పిల్ల ఆగిపోయింది. "అమ్మా, వరుసలు ఏడు. పొట్లాలు ఆరే. పోయిన వారమూ ఇంతే."

నాంచారమ్మ ఎంచి చూసింది. నిజమే. వీరేశాన్ని అడిగితే, ఎప్పటిలాగే ఉలకలేదు, పలకలేదు.

ఆ రోజునుంచి ఆమె ధ్యాసంతా ఏడో వరుస మీదే. అది తన కోసమేమో. ఓడ వచ్చాక ఇమ్మని రాశాడేమో. నీలం పూసలు కావచ్చు. పునుగు కావచ్చు. పన్నెండేళ్ళ కాపురంలో మొగుడు శరభయ్య "తిన్నావా" అని ఒక్కసారీ అడగలేదు. నోటితో అడగలేనిది రాతలో పెట్టాడేమో. పొయ్యి ముందు కూర్చుని ఆ వరుసను రోజుకో రకంగా చదువుకునేది.

ఏడాది తిరిగింది. సంతలోని సరుకులన్నీ వకుళకు అక్షరాలయ్యాయి. ఒకనాడు బస్తా మీద నిలబడి చివరి వరుస పట్టుకుంది.

"ఏలకుల ఏ... మరమరాల మ..." అంటూ కూడబలుక్కుంది. "అప్పడాల్లో ప్ప... కుంకుడుకాయల కు!" తరవాత గట్టిగా చదివేసింది.

"ఏమడిగినా చెప్పకు."

నాంచారమ్మ పొట్లాలతో అలాగే నిలబడింది. నీలం పూసలు, పునుగు, ఒక చిన్న పలకరింపు, ఏడాదిగా దాచుకున్నవన్నీ ఒక్క మాటతో పోయాయి.

పక్కనున్న ముసలామె తన చీటీ చాచింది. "మాది కూడా చూడవే, బంగారం."

చివరి వరుస అదే. ఇంకో ఆవిడ ఇచ్చింది. అదే. మూడో ఆవిడదీ అదే. అందరూ వీరేశాన్ని నిలదీశారు.

వీరేశం తల గోక్కున్నాడు. "నన్నంటారేంటమ్మా? ఒకటి చెబితే ఇంకోటి అడుగుతారని మీవాళ్ళ భయం."

"అయితే ఇంకోటి అడుగుతాం," అంది నాంచారమ్మ. "ఈ మిరియాలు కొత్తవా, పాతవా?"

వీరేశం చుట్టూ చూశాడు. ఇరవైమంది ఆడవాళ్ళు అతని నోటివంకే చూస్తున్నారు.

"పాతవి," అన్నాడు.

"కొత్తవి తూచు."

పిల్లలూ, చదువు మొదలుపెట్టడానికి ఎవరో బడి తలుపు తియ్యక్కర్లేదు. కూతుర్ని సంతకు తీసుకెళ్ళి, కనబడ్డదల్లా చూపించి, అడగడం నేర్పిన తల్లి దగ్గర ఏ మగవాడి గుట్టూ ఎక్కువ రోజులు దాగదు.

ముప్ఫై రెండో ఏట నాంచారమ్మ కూతురి దగ్గర అక్షరాలు దిద్దుకుంది. ఆ తరవాత ఆ ఇంట్లో శరభయ్య చీటీ రాయలేదు.