పొత్రం పడుకున్న ఉయ్యాల

దిండు సరిచేసుకో. ఆ కాళ్ళు ఆడించడం ఆపితేనే కథ. ఆఁ, అలాగ.

అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో ముత్యాలు అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాక తమ్ముడు గవరయ్య ఇంటికొచ్చి ఉంటోంది. వస్తూ వస్తూ ఆవిడ వెంట తెచ్చుకున్నది ఒక్కటే, పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చిన నులక మంచం. మంచం కాళ్ళు నాలుగూ నల్లతుమ్మ కోళ్ళు, ఒక్కో కోడుకీ ఒక చెక్కుడు పువ్వు. అక్కా తమ్ముడూ ఇద్దరూ పుట్టింది ఆ మంచం మీదే.

ముత్యాలుకి పిల్లల్లేరు. అందుకని తమ్ముడి పెళ్ళాం కనకానికి నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ కాలు నేలమీద నిలవలేదు. అప్పుడు కనకానికి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది పాపం, పిడికెడంత ఉంది.

ఆ పిల్లని కనకం ఒళ్ళోంచి దించేది కాదు. మంచం మీద పెడితే దొర్లిపోతుందేమో, చాప మీద పెడితే చీమ కుడుతుందేమో అని భయం. రాత్రీ పగలూ అలా కూర్చునే ఉండి మనిషి వాడిపోయింది.

"ఉయ్యాల్లో వేస్తే నువ్వూ ఓ కునుకు తీస్తావు కదమ్మా" అంది ముత్యాలు.

"నమ్మకమైన ఉయ్యాల వస్తే వేస్తాను వదినా" అంది కనకం.

ఉయ్యాల్లో వేస్తేగాని పేరు పెట్టరు కదా. ఆ పేరు చెవిలో చెప్పాల్సింది మేనత్త. అదీ ముత్యాలు ఆరాటం.

అప్పుడు గవరయ్య పట్నం వెళ్ళి ఒక ఉయ్యాల తెచ్చాడు. తళతళ మెరుస్తోంది, టేకు చెక్కకున్నట్టే చారలున్నాయి. టేకూ కాదు గీకూ కాదు, రంపపుపొట్టుని జిగురుతో కలిపి అదిమి, పైన టేకు బొమ్మ అంటించారు. దాని వాసనకి ఇంటిల్లిపాదికీ తుమ్ములే తుమ్ములు.

మనవాళ్ళు ఉయ్యాల్లో ముందు పిల్లని వెయ్యరు, తెలుసా. రోట్లో పప్పు రుబ్బే పొత్రం ఉంటుంది చూడు, దానికి నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గుడ్డ చుట్టి ముందు దాన్ని పడుకోబెడతారు. దాన్ని ఊపాకే పిల్లని వేస్తారు. పిల్ల ఆ రాయిలాగ గట్టిగా ఉండాలని. నవ్వకు, నీకూ వేశాం.

పేరంటాళ్ళు వచ్చారు. ముత్యాలు పొత్రాన్ని ముస్తాబు చేసి పడుకోబెట్టి ఒక ఊపు ఊపింది. ఇంకో ఊపుకి అడుగు చెక్క విరిగి పొత్రం దబ్బున కిందపడింది. కనకం పిల్లని గుండెకి హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. పేరు పెట్టకుండానే పేరంటాళ్ళు శనగలు పట్టుకుని ఇళ్ళకి పోయారు.

ఆ తర్వాత "నేనే చేస్తాను" అని ముత్యాలు కత్తి పట్టుకుని ఏటి గట్టుకి వెళ్ళింది. వెదురు కొట్టడానికి ఒక పద్ధతుంది. అమావాస్యకి ముందు కొట్టాలి, ఏట్లో నానబెట్టాలి, నీడన ఆరబెట్టాలి. ముత్యాలుకి తెలియక కాదు. కానీ ఆగే ఓపికేదీ? నిండు పున్నమికి కొట్టి, ఆ పచ్చి వెదురే చీల్చి ఉయ్యాల అల్లేసింది.

ముద్దుగా వచ్చింది ఉయ్యాల. పొత్రాన్ని వేసి ఊపితే చెక్కుచెదరలేదు. కానీ కనకానిది ఒకసారి బెదిరిన గుండె. "కొన్నాళ్ళు రాయినే ఉండనియ్యి వదినా" అంది. సరే అని ఉంచారు. మరి పొత్రం ఉయ్యాల్లో ఊగుతుంటే పచ్చడెవరు రుబ్బుతారు? గవరయ్య పూటపూటా ఉత్త మజ్జిగన్నం తిని, ఉయ్యాలకేసి చూసి నిట్టూర్చేవాడు.

ఒకనాడు పొద్దున్నే ముత్యాలు చూస్తే పొత్రం మీది గుడ్డంతా తెల్లగా పిండి. చెవి పెట్టి వింటే వెదురు లోపల కరకరమని చప్పుడు. పురుగు పట్టేసింది. ముత్యాలు అక్కడే కూలబడి ఏడ్చింది. తొందరపడి నా చేతులతో నేనే పాడుచేసుకున్నానే అని. కనకం పిల్లని పట్టుకుని కూర్చున్నచోటే తూలిపోతోంది. ఇలాగైతే ఈ అమ్మాయి జబ్బున పడిపోతుందని ముత్యాలుకి భయమేసింది.

అప్పుడు ముత్యాలు తన మంచం మీదికి వెళ్ళి కూర్చుంది. ఎన్ని వానలు చూసిందో ఆ మంచం, ఒక్క పురుగు కాటు లేదు. మంచం పక్క పట్టె మీద చెయ్యి వేసి నిమిరింది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. ఆ తర్వాత లేచి నులక విప్పడం మొదలుపెట్టింది.

ఊరి వడ్రంగి వచ్చి పట్టెలు పొట్టిగా కోశాడు. కోళ్ళని మాత్రం కొయ్యనివ్వలేదు ముత్యాలు. ఇనప మేకులు వద్దని చెక్క మేకులే కొట్టించింది. రంగు వద్దని ఆముదం రాసింది. ఈసారి గోగునార బాగా నానిందాకా ఓపిగ్గా ఆగి, తాడు పేని అల్లి, అదే తాడుతో దూలానికి వేలాడదీసింది. పైన తన పాత నేత చీర మడతలేసి పరిచింది.

మళ్ళీ పేరంటాళ్ళు వచ్చారు. పొత్రం మళ్ళీ పసుపు పూసుకుని ఉయ్యాల ఎక్కింది. ఎంత ఊపినా ఉలకదు, పలకదు, హాయిగా నిద్రపోయింది. రాయి నిద్రపోతుందా అంటావా? నువ్వెప్పుడైనా లేపి అడిగావా?

అయినా కనకం కదల్లేదు. ఆమె చూపు కోడు మీది పువ్వు దగ్గర ఆగిపోయింది.

"వదినా, ఇది అత్తమ్మ మంచం కదా. మరి నువ్వెక్కడ పడుకుంటున్నావు?"

"చాప ఉందిగా" అంది ముత్యాలు.

కనకం లేచింది. పిల్లని తెచ్చి ముత్యాలు చేతుల్లో పెట్టింది. ముత్యాలు ఆ పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టి చెవిలో పేరు చెప్పింది. వాళ్ళమ్మ పేరే, మాణిక్యం. పిల్ల ఆవులించి కళ్ళు మూసుకుంది. అప్పుడు కనకం కూడా, అంతమంది మధ్యనే, ముత్యాలు ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది. పాట ఎత్తుకోబోయినవాళ్ళు మానేశారు. శనగలు కూడా చప్పుడు కాకుండా నమిలారు. ఆ సాయంత్రం గవరయ్యకి గారెలు దొరికాయి.

కొన్నేళ్ళకి మాణిక్యం కాళ్ళు ఉయ్యాల దాటేశాయి. "దీన్ని పొయ్యిలో పెట్టేస్తావా అత్తా?" అని అడిగింది దిగులుగా. ముత్యాలు నవ్వి, అమావాస్యకి ముందు గట్టి వెదుళ్ళు కొట్టించి, ఏట్లో నానబెట్టి, నీడన ఆరబెట్టి, అవే కోళ్ళకి కొత్త పట్టెలు వేయించింది. ఉయ్యాల మళ్ళీ మంచమైంది. ఇదివరకటికంటే వెడల్పు మంచం.

"ఇంత వెడల్పెందుకత్తా?"

"నువ్వు నా పక్కలో పడుకోవద్దూ?"

ఏదీ, నీ తలవైపు కోడు తడిమి చూడు. పువ్వు తగిలిందా? ఆఁ. మాణిక్యం ఎవరో ఇప్పుడు తెలిసిందా, పిచ్చితల్లీ. అప్పట్లో ఈ పక్క మా అత్తది, ఆ పక్క నాది. ఇప్పుడు ఈ పక్క నాది, ఆ పక్క నీది. ఇంకొంచెం ఇటు జరుగు.

కథేమో కంచికి,
పొత్రమేమో రోటికి,
పాపాయి ఉయ్యాలకి,
మనమిద్దరం నిద్దరకి.