కన్నెర్ర తల్లి వీధిలో డప్పులు దించే మంగళవారం

సెయింట్ బ్రెండన్ రేవు పట్టణంలో, చేపల మార్కెట్టు దాటి సముద్రం వైపు దిగే వాలు వీధిలో శ్రీ కన్నెర్ర తల్లి దేవాలయం ఉన్నది. కరీబియన్ సముద్రపు ఉప్పుగాలికి గుడి గోడల సున్నం ఏటా రాలిపోతుంది, భక్తులు ఏటా మళ్ళీ వేయిస్తారు. ఈ పట్టణంలో పండుగలకు కొదవ లేదు. క్రిస్మస్, బానిసల విడుదల దినం, జాలరుల పడవ పందేలు, అన్నిటికీ మించి కార్నివాల్. అమ్మవారి జాతర సరిగ్గా ఆ కార్నివాల్ మంగళవారం నాడే జరుగుతుంది. ఆషాఢంలో జరగవలసిన జాతర ఊరంతా వేషాలు కట్టి ఎగిరే రోజున ఏమిటని కొత్త యాత్రికులు ముక్కున వేలేసుకుంటారు. అది ఎవరి గుమ్మంలోనో నిలబడి అడిగి తెచ్చుకున్న రోజు కాదు. ఆ సంగతి తెలుసుకొని దర్శనం చేసుకోవడం మంచిది.

పూర్వం ఇక్కడ వీధి లేదు, గుడి లేదు. కనుచూపు మేర చెరకు తోట, దాని అంచున కూలీల పాకలు ఉండేవి. విశాఖ, భీమిలి తీరాల నుండి ఓడలెక్కి వచ్చిన మనవారు ఆ పాకలలో కాపురం ఉండేవారు. ఓడలో ఒక ముసలమ్మ కొంగున కట్టుకొని తెచ్చిన వేపగింజలు ఇక్కడి నేలలో మొలిచి చెట్లయ్యాయి. ఇంటి దేవత అంటే వారికి మిగిలినది ఆ వేపచెట్లే. ఏటా ఆషాఢం రాగానే నలుగురు పెద్దలు దొర బంగళా మెట్ల కింద చేతులు కట్టుకొని, తల్లి పండుగకు ఒక్క పూట సెలవు ఇప్పించమని వేడుకునేవారు. చెరకు ఆగదని దొర అనేవాడు. అదే దొర కార్నివాల్ వస్తే మాత్రం తోట మూసి, కూలీలందరినీ దారికి రెండు వైపులా నిలబెట్టి, గవర్నరు బండి పోతుంటే చప్పట్లు కొట్టించేవాడు. నవ్వమన్నప్పుడు నవ్వాలి, ఎగరమన్నప్పుడు ఎగరాలి. దానిని కూడా సెలవనే అన్నారు, సిగ్గులేకుండా.

ఆ పాకలలో అచ్చియ్యమ్మ అనే ఆమె ఉండేది. చెరకులో కలుపు తీసే కూలి. భర్త ఓడలోనే పోయాడు. మిగిలినది పైడితల్లి అనే ఆడపిల్ల ఒక్కతే. ఒక ఏడు కార్నివాల్ ముందు ఆ పిల్లకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, నిప్పులాంటి జ్వరం. అమ్మవారు పోసిన ఇంట ఎలా మెలగాలో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. పోపు పెట్టరాదు, గట్టిగా మాట్లాడరాదు, డప్పు చప్పుడు ఆ ఛాయలకు రానీయరాదు. అచ్చియ్యమ్మ గుమ్మానికి వేపరెమ్మలు కట్టింది. ఇరుగుపొరుగు కూడా తమ గుమ్మాలకు కట్టి, గొంతులు తగ్గించుకున్నారు.

గుర్రం మీద అటుగా పోతున్న దొర ఆ వేపరెమ్మలు చూశాడు. తన కార్నివాల్‌కు కూలీలు మురిసిపోయి తోరణాలు కట్టారనుకున్నాడు! ఉబ్బిపోయి, ఊరేగింపు ఈసారి పాకల ముందునుంచే పోవాలని ఉత్తరువిచ్చాడు. పక్కనే ఉన్న, కూలీలను అదిలించి పనిచేయించే సర్దారు గంగులు మనవాడే. ఆ రెమ్మలు ఎందుకు కట్టారో వాడికి తెలుసు. కాని దొర భుజం తట్టి "నీ మనుషులు మంచివాళ్ళు" అనేసరికి వాడి నోటికి తాళం పడింది. దొర తెలియక చేసిన పని అది, గంగులు తెలిసీ చేశాడు.

అచ్చియ్యమ్మ గంగులు కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

"అన్నా, నా బిడ్డకి అమ్మోరు పోసింది. సప్పుడికి అదిరిపోతంది. ఆ రేవు దారినుంచి ఎల్లమని దొరకి సెప్పన్నా."

"ఊరుకోయే. దొర సంతోషపడి ఇటేపు తెస్తన్నాడు. ఇప్పుడు కాదంటే నా తోలు తీస్తాడు."

"నీ తోలు కోసం నా పిల్లని సంపేత్తావేటిరా?" అన్నది ఆమె. అంతవరకు అన్నా అని పిలిచిన నోరది.

మంగళవారం పొద్దున పిల్లకు వేపరెమ్మతో విసురుతూ అచ్చియ్యమ్మ కూర్చున్నచోటే కునుకు తీసింది. కలలో పసుపు ముఖంతో ఒక స్త్రీ గుమ్మంలో నిలిచి, "నా పండుగ కోసం ఏటా వాడి మెట్ల కింద నిలబడ్డారు. ఇక చాలు. లేచి దారిలో నిలబడు, నేను నీతో నిలబడతాను" అన్నది. మెలకువ వచ్చేసరికి డప్పులు వినబడుతున్నాయి.

ఆమె పసుపునీళ్ళ కుండ ఎత్తుకొని బయటికి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. నిద్రలేని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. డప్పులవారికి జోసయ్య అనే నల్లవాడు పెద్ద. అతడి తాతలు ఇదే తోటలో గొలుసులతో పనిచేసినవారు. తోటలో అందరూ కలిసి మాట్లాడుకునే ముక్కలు ముక్కల భాషలో అతడు అడిగాడు.

"లోపల ఎవరు?"

"నా బిడ్డ."

జోసయ్య కుండలోని పసుపునీళ్ళు, గుమ్మాన వేపరెమ్మలు చూశాడు. మారుమాట లేకుండా మెడలోంచి డప్పు తీసి నేలమీద పెట్టాడు. వెనుకనున్న వారందరూ దించారు. దొర గుర్రం దూకించుకుంటూ వచ్చి ఏమిటిదని అరిచాడు.

"చేతులు నొప్పి, దొరా" అన్నాడు జోసయ్య. అందరికీ ఒక్కసారే చేతులు నొప్పి పుట్టాయి.

కొరడా జోసయ్య వీపున పడింది, అచ్చియ్యమ్మ భుజాన పడింది. కుండ పగిలింది. ఒక్క డప్పూ మోగలేదు. గవర్నరు బండి ఆ దారిన మూగగా పోయింది. చప్పట్లు కొట్టవలసిన కూలీలు చేతులు కట్టుకొని చూశారు.

ఆ నిశ్శబ్దంలో పైడితల్లి చాలా రోజుల తరువాత అదరకుండా నిద్రపోయింది. సాయంత్రం తల్లి ఒడిలోనే ప్రాణం విడిచింది.

గవర్నరు ముందు తలవంపులైన దొర కొద్దిరోజులకు మెత్తబడి, వచ్చే ఆషాఢంలో అడిగితే ఒక పూట సెలవు ఇస్తానని గంగులుతో కబురంపాడు. అచ్చియ్యమ్మ గుమ్మం దిగలేదు.

"అడగనని సెప్పు. మా తల్లి పండక్కి ఆడి సెలవేటి? ఆడి పండగరోజే సేత్తాం. ఆడి దారిలోనే సేత్తాం."

మరుసటి ఏడు కార్నివాల్ మంగళవారం నాడు, కుండ పగిలిన చోట ఆమె ఒక సముద్రపు రాయి నిలిపి పసుపు పూసింది. ఎవరూ కుంకుమ అద్దకుండానే ఆ రాతిమీద రెండు ఎర్రని కళ్ళు తేలాయని పెద్దలు చెబుతారు. ఆనాటి నుండి తల్లికి కన్నెర్ర తల్లి అనే పేరు కలిగింది.

నేటికీ కార్నివాల్ ఊరేగింపు ఈ వీధి మొదటికి రాగానే ప్రతి బృందమూ వాయిద్యాలు నేలకు దించుతుంది. పట్టణ మేయరైనా సరే, చెప్పులు విడిచి నడవవలసిందే. ఇక్కడ పూజ చేసేది ఆడవారే. పూజారిణి వేపరెమ్మతో డప్పుల మీద పసుపునీళ్ళు చల్లిన తరువాతనే మళ్ళీ దెబ్బ పడుతుంది. జబ్బుపడిన బిడ్డలున్న తల్లులు ఆ నీళ్ళు తీసుకొనిపోతే బిడ్డలకు సుఖనిద్ర కలుగుతుందని నమ్మకం. అన్యాయం జరిగినవారు వచ్చి అమ్మ ఎదుట నోరారా తిట్టుకోవచ్చు, వారించేవారు ఉండరు. ఇతర క్షేత్రాలలో ఉగ్రరూపిణి అయిన అమ్మవారిని శాంతించమని వేడుకుంటారు. ఇక్కడ ఆ ప్రార్థన లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని శాంతించమనడానికి మనమెవరమని పూజారిణులు అడుగుతారు.