తిన్నగా దొర్లని కోల

అనగనగా మణిశైలమనే రాజ్యం. అక్కడ రాజు మొదలు కావలివాడి దాకా అందరికీ బంతులాటంటే ప్రాణం. పచ్చని గుడ్డ పరిచిన బల్ల మీద బంతులు పెట్టి, పొడవాటి కోలతో పొడిచి, మూలల్లోని గుంటల్లో పడవేయడమే ఆ ఆట.

ఒకనాడు విజయకేతు మహారాజు ఏ బంతిని పొడిచినా అది పక్కకే పోయింది. అనుమానం వచ్చి కోలను బల్ల మీద దొర్లించాడు. తిన్నని కోల నీళ్ళలా జారిపోవాలి. అదేమో టకటకమంటూ ఎగిరెగిరి పడింది.

అది రాజుగారి తాత వాడిన కోల. అలాంటి కర్ర ఇప్పుడు ఏ అడవిలోనూ దొరకదు. వెంటనే నాంచారమ్మకు కబురు వెళ్ళింది.

కోలలు బాగుచేయడంలో నాంచారమ్మ చేయి తిరిగిన ముసలమ్మ. కానీ ఈమధ్య ఆమెకొక దిగులు పట్టుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయేది. పిలవబోయిన పేరు నాలుక చివర ఆగిపోయేది. చేతిలో పని కూడా ఇలాగే జారిపోతే? ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే రేపటినుంచి పని ఎవరిస్తారు?

"అవ్వా, కోలను సరిచేశావా, పట్టుచీర పెడతాను" అన్నాడు రాజు. "చీల్చావా, ఈ రాజ్యంలో ఇక నువ్వు ఉలి పట్టకూడదు."

"చిత్తం ప్రభూ" అంది నాంచారమ్మ.

రాజూ సభా చూస్తుండగా కోలను దొర్లించి చూసింది. నడుమ ఒకవైపు ఉబ్బెత్తుగా లేచింది. వైపు గుర్తుండాలని, రెండు ముక్కలు అతికిన ఆ కోలలో సన్నని సగం మీద సుద్దతో ఒక చుక్క పెట్టింది. ఇక ఆవిరి పట్టి, ఉబ్బు మీద మెల్లగా నొక్కాలి. పొరపాటున అవతలి వైపు నొక్కితే కోల ఫట్టున చీలుతుంది.

కుండలో నీళ్ళు మరుగుతుండగా భోజనాల గంట మోగింది. ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రాజుగారు భోంచేసే వేళ ఆయన కోల కూడా పెట్టెలో విశ్రమించాలి. సేవకుడు వచ్చి, నడిమి అతుకు దగ్గర కోలను ఊడదీసి, రెండు సగాలనూ పెట్టెలో పడుకోబెట్టాడు. భోజనాలయ్యాక అందరూ తిరిగి రాగానే మళ్ళీ అతికి తెచ్చి ఇచ్చాడు.

నాంచారమ్మ చుక్క వంక చూసింది. ఈ చుక్క ఉబ్బు మీద పెట్టానా, పల్లం మీద పెట్టానా? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. అందరి ముందూ మళ్ళీ దొర్లిస్తే మరపు బయటపడుతుంది.

ఆస్థాన వడ్రంగి కనకాచారి పక్కకు వచ్చాడు. "ఏం పెద్దమ్మా, కోలకు దిష్టి తీస్తున్నావా? కొంపదీసి మరచిపోయావా?"

"నెమ్మదిగా అనవయ్యా!"

"ఇందులో ఏముంది? ఏదో ఒక వైపు నొక్కెయ్. కుదిరితే నీకు పేరు. చీలితే పాత కర్ర, లోపల పుచ్చిందని చెప్పు. ఎవరు చూడొచ్చారు?"

నాంచారమ్మ కోలను ఆవిరి మీదికి తీసుకుపోయింది. వెనక్కి తీసింది. మళ్ళీ తీసుకుపోయింది. మళ్ళీ తీసింది. మూడోసారి కోలను బల్ల మీదే పెట్టేసి రాజు వైపు తిరిగింది.

"ప్రభూ, గుర్తయితే పెట్టాను. ఏ వైపున పెట్టానో మరచిపోయాను. మళ్ళీ మొదటినుంచి చూసుకోనివ్వండి."

సభ గొల్లుమంది. "వంకర కోలలో లేదు, ముసలమ్మ బుర్రలో ఉంది!" అన్నాడొకడు.

రాజు నవ్వలేదు. "ఈ మాట చెబితే పని పోతుందని భయం లేదా అవ్వా?"

"ఉంది ప్రభూ. కానీ తెలియకుండా నొక్కితే కోల చీలిపోతుంది."

"సరే, చూసుకో."

నాంచారమ్మ కోలను దొర్లించింది. ఉబ్బు లేచింది. కానీ చుక్క ఉబ్బు మీదా లేదు, పల్లంలోనూ లేదు. పక్కకు తిరిగి ఉంది!

"ఇదేం విడ్డూరం? కర్రలో వంపు ఉన్నచోటే ఉండాలి కదా! మనం భోంచేసి వచ్చేలోగా పక్కకు జరిగి కూర్చుంటుందా?" అనుకుంది. ఈలోగా కోలకు జరిగిందల్లా ఒక్కటే. ఊడదీసి మళ్ళీ అతికారు. చుక్క ఉన్న సగం తిరిగినా ఉబ్బు దానితో తిరగలేదంటే, దోషం అతుకులోనే ఉండాలి.

వెంటనే కోలను రెండుగా ఊడదీసి, ఒక్కొక్క సగాన్నీ దొర్లించింది. రెండూ నీళ్ళలా జారిపోయాయి. లావు సగం చివర గొట్టంలా ఇత్తడి పొన్ను తొడిగి ఉంది. సన్న సగం దూరేది అందులోకే. లోపలికి తొంగిచూస్తే ఒక పక్కన గట్టిపడిన లక్క ముద్ద ఒకటి కనబడింది. అదే సన్న సగాన్ని పక్కకు ఒరిగేలా చేస్తోంది. సూదితో గీకి తీసేసి, కోలను అతికి దొర్లించింది. చప్పుడు లేకుండా వెళ్ళి రాజుగారి అరచేతిలో ఆగింది.

"కర్రలో దోషం లేదు ప్రభూ. ఏ వైపు నొక్కినా నిక్షేపంలాంటి కోల చీలిపోయేది" అంది నాంచారమ్మ.

కనకాచారి తల వంచుకున్నాడు. "పొన్ను వదులైందని ఈమధ్యే ఆ లక్క పోసింది నేనే ప్రభూ. ఆ సంగతే మరచిపోయాను."

"అయితే మన కోటలో మరపు అవ్వ ఒక్కదానిదే కాదన్నమాట!" అని రాజు పకపకా నవ్వాడు. పట్టుచీర తెప్పించి, తన కోలలన్నీ ఇక నాంచారమ్మే చూడాలని ఆజ్ఞాపించాడు.

కాబట్టి పిల్లలూ, మరపు ఎవరికైనా వస్తుంది. దాన్ని దాచిపెట్టి చేసిన పని చెడుతుంది, ఒప్పుకుని మొదటినుంచి చూసుకున్న పని నిలుస్తుంది.