గవరమ్మ దాచిన వంకాయ

అనగనగా ఓ ఏటిగట్టు ఊళ్ళో గవరమ్మ అని ఓ అత్తగారు, నూకాలు అని ఆవిడ కోడలు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెప్పుకోనా నేను కథ!

గవరమ్మ పెరట్లో ఒకే ఒక్క వంగ చెట్టు ఉండేది. వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనం. తెల్ల వంకాయలర్రా, వెన్నలా ఉడికేవి. దాచుకున్న గింజల ముంత కాస్తా వరదలో పోయింది. ఇక ఈ చెట్టు పోతే ఆ విత్తనమే పోయినట్టు. అలాంటిది, ఏరు గట్టు కోసుకుంటూ కోసుకుంటూ పెరట్లోకి వచ్చేసింది. చెట్టు చూస్తే నిండా పూత, నిండా కాయ. నెలలు నిండిన మనిషిలా ఉంది. దాన్ని ఎలా కదపడం తల్లీ!

నూకాలు గడుసుది. పొద్దున్నే చెట్టు మొదలు బాగా తడిపింది. ఎండ దిగాక చుట్టూ జానెడు ఎడంగా తవ్వి, వేళ్ళు చెదరకుండా మట్టిగడ్డతో సహా ఎత్తి, తడిగోనెలో చుట్టింది. అత్తా కోడలూ చెరోపక్కా పట్టుకుని మెరక మీదికి మోశారు. ముందే తవ్వి తడిపిన గోతిలో దింపి, మొదట్లో ఎండుగడ్డి కప్పారు. ఇప్పుడు సగం ఆకులూ, పూతా, కాయలూ అన్నీ తీసెయ్యాలి అత్తా అంది నూకాలు. వేళ్ళు కుదురుకునేదాకా చెట్టు వాటిని మొయ్యలేదట.

గవరమ్మ గుండె గుభేలుమంది. చెట్టున ముదిరితేనే కదా ఆ కాయలు గింజ కట్టేది! కోడలు బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళగానే, కింది కొమ్మకున్న కాయనొకదాన్ని తెంపకుండానే మెల్లిగా గడ్డిలోకి తోసేసింది. తతిమ్మావన్నీ తీసెయ్యనిచ్చింది.

చెట్టుకి కొబ్బరాకుల నీడ కట్టారు. పొద్దున్న నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. మొదటిరోజు వాడింది. రెండోరోజూ వాడింది. కొత్త చోటు కదా, వాడితే వాడిందిలే అనుకుంది నూకాలు. నాలుగో రోజుకీ తలెత్తలేదు. ఆకునడిగితే కొమ్మనడగమంది, కొమ్మనడిగితే వేరునడగమంది, వేరునడిగితే మట్టిలో మొహం దాచుకుంది. ఒరేయ్ పైడీ, నిద్రపోయావా? ఊ కొట్టు!

పాపం నూకాలు, నా చేతుల్తో నేనే చంపేశాను, మీ అమ్మ విత్తనం నిలబెట్టలేకపోయాను అత్తా అని ఒకటే ఏడుపు. అన్నం మానేసింది. గవరమ్మకి మాత్రం ముద్ద దిగుతుందా? వెళ్ళి గడ్డి తీసి చూసింది. చెట్టంతా వేలాడిపోతోంది గానీ ఆ కాయొక్కటీ నిగనిగలాడిపోతోంది. ఉన్న సారమంతా అదే తాగేస్తోందర్రా!

ఆవిడ కోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నువ్వు కాదే అమ్మా, నేనే. ఆశకొద్దీ దాచాను" అంది. తన చేత్తో తనే తుంచేసింది.

నూకాలు కళ్ళు తుడుచుకుని పొయ్యి రాజేసింది. ఆ కాయని నిప్పుల మీద కాల్చి పచ్చడి చేసి, ఇద్దరికీ ఒకే కంచంలో కలిపింది.

పదిరోజులకి చిగురు. ఆ తరవాత పూత. ఆ తరవాత చెట్టు నిండా కాయలే కాయలు! ఈసారి మొదటి కాయని పండి పసుపు తిరిగేదాకా ఇద్దరూ కలిసే కాపు కాశారు. గింజలు ఎండబెట్టి, బూడిద కలిపి, గవరమ్మ చిన్న మూట కట్టింది. దాన్ని ముంతలో దాచలేదు, ఉట్టి మీద పెట్టలేదు. కోడలి చేతిలో పెట్టింది.

అందుకే నాన్నా, ప్రేమకొద్దీ దాచినా సరే, ఇంట్లోవాళ్ళకో మాట చెప్పి దాచుకోవాలి. పొద్దున్న బెల్లం ముక్క దాచినవాళ్ళు విన్నారు కదా? కథ కంచి దారి పట్టింది, మీరింక దుప్పట్లోకి దూరండి.