విరవకుండా చెప్పు

కార్తీకమాసం, మూడో సోమవారం, సాయంత్రం నాలుగున్నర. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి. ఎమ్మారై బొమ్మలు చదివే గదిలోంచి డాక్టర్ మృణాళిని ఉత్సాహంగా బయటికొచ్చింది.

"ఐదు నిమిషాల్లో తేల్చేశాను సార్," అంది గురువుగారితో. "ఆ సింహాచలం అనే కుర్రాడి మెదడులోది చెడ్డ క్యాన్సరు గడ్డే. పూర్తిగా తియ్యాలని చూసి లాభం లేదు. రేపు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఆపైన రేడియేషన్ ఇవ్వడమే."

గురువు యజ్ఞేశ్వరరావుగారు జీవితమంతా మెదడు బొమ్మలే చూసినవారు.

అంతలో సింహాచలాన్ని వెంటబెట్టుకుని తల్లి నూకరత్నం స్టీలు డబ్బాతో వచ్చింది. తనకి పొద్దుట్నుంచీ ఉపవాసం. డాక్టర్లకి మాత్రం కజ్జికాయలు.

"తినండి బాబూ. రేపు నా కొడుకు తల మీ చేతుల్లో ఉంటాది."

గురువుగారు మూడు తీసి బల్లమీద పెట్టారు. "అమ్మాయ్, వీటిల్లో ఏముందో విరవకుండా చెప్పు."

మృణాళిని ఒక్క చూపు చూసింది. ఒకదాని అంచున తెల్లటి కొబ్బరి తునక అంటుకుని ఉంది.

"మూడూ కొబ్బరివే సార్."

ఆయన మొదటిది చెవి దగ్గర ఆడించారు. సరసరమంది. "పుట్నాల పొడి." రెండోది ఆడిస్తే చప్పుడు లేదు. అరచేతిలో బరువు చూశారు. "కొబ్బరి, బెల్లం." మూడోది ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "నువ్వులు."

అప్పుడు విరిచారు. ఒక్కటీ తప్పలేదు.

"ఏటి బాబూ, మా పొయ్యికాడ కూకున్నట్టే చెప్పేసినారు!" అని నూకరత్నం నవ్వింది. సింహాచలం కూడా తలనొప్పి మరిచిపోయి నవ్వాడు.

గురువుగారు నువ్వుల ముక్క శిష్యురాలి చేతిలో పెట్టారు.

"నువ్వు చూశావమ్మా. అడగలేదు."

మృణాళిని ముక్క నోట్లో పెట్టుకోలేదు. తిన్నగా వెళ్లి సింహాచలాన్ని మళ్లీ ఎమ్మారై గదిలోకి పంపమంది. ఈసారి గడ్డలో రక్తం పారే తీరు అడిగింది. నీరు కదిలే తీరు అడిగింది. సున్నపు చుక్కలున్నాయేమో అడిగింది. గడ్డలోని రసాయనాల జాడ చూపించే స్పెక్ట్రోస్కోపీనీ అడిగింది. అన్నీ కలిసి ఒకే పేరు చెప్పాయి: సెంట్రల్ న్యూరోసైటోమా. చాలా అరుదైన గడ్డ. నెమ్మదిగా పెరిగే రకం. మొత్తం తీసేస్తే చాలామందిలో మళ్లీ రాదు.

ముక్క తీద్దామనుకున్న సర్జన్ ఆ బొమ్మలన్నీ చూసి, "అయితే రేపు మొత్తం తీసేద్దాం," అన్నాడు.

ఆ మాట విన్నాకే మృణాళిని నువ్వుల ముక్క తింది. అప్పటికి బయట చుక్కలు పొడిచాయి. నూకరత్నం దణ్ణం పెట్టుకుని కొడుకు పక్కనే కూచుని అన్నం తింది.

మర్నాడు తెల్లారేసరికి ఆపరేషన్ కోసం సింహాచలానికి గుండు గీశారు. అప్పన్నస్వామికి మొక్కుకుని తండ్రీ, ఇద్దరు మేనమామలూ కూడా గీయించుకుని వచ్చారు. నలుగురూ మంచం మీద వరసగా కూచున్నారు.

మృణాళిని లోపలికి రాగానే సింహాచలం కేకేశాడు. "డాక్టరమ్మా! ఏ బుర్రలో ఏటుందో విరవకుండా చెప్పండి!"

నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మృణాళిని నవ్వుతూ వంగి, వాడి గుండుకి చెవి ఆనించింది.